మాలిష్‌కూ ఓ మోతాదుంది!

భోగి, ఉగాది, నరక చతుర్దశి... పండగ ఏదైనా తెల్లవారేసరికి తలంటు పడాల్సిందే. ఒళ్లంతా నూనె పట్టించి నలుగు పెట్టుకుంటే రోగాలు దరిచేరవని పెద్దల మాట. ఆ మాటలో నిజమెంతో తేల్చడానికి పరిశోధకులు రక్తం తీసి చూశారు, కండ ముక్క తీసి చూశారు, ఎలుకలకు మరయంత్రంతో మాలిష్ కూడా చేయించారు. మర్దన రోగనిరోధక వ్యవస్థను కదిలిస్తుందని తేలింది. అయితే ఎంత గట్టిగా, ఎన్నిసార్లు, ఏ నూనెతో, ఒంట్లో ఎక్కడ అన్నదాన్ని బట్టే దాని ఫలితం.

ముందు రక్తం, తర్వాత మసాజ్, మళ్లీ రక్తం

లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్ సైనాయ్ వైద్య కేంద్రంలో మార్క్ రాపపోర్ట్ బృందం ఆరోగ్యవంతులైన 53 మందిని రెండు జట్లు చేసింది. 29 మందికి 45 నిమిషాల స్వీడిష్ మసాజ్. మిగతా 24 మందికి అంతే సేపు చేతి వెనక వైపుతో తేలిగ్గా తాకడం, అంతే. మాటిమాటికీ సూది గుచ్చే పని లేకుండా అందరి చేతికీ ముందే సన్నని గొట్టం అమర్చారు. మర్దన ముగిశాక 1, 5, 10, 15, 30, 60 నిమిషాలకు రక్తం తీశారు. మర్దన పొందినవాళ్లలో లింఫోసైట్లనే తెల్లకణాల సంఖ్య పెరిగింది. అలర్జీ వాపుతో సంబంధమున్న ఐఎల్-4, ఐఎల్-5, ఐఎల్-13 అనే రసాయనాలు తగ్గాయి. 2010లో వచ్చిన ఈ ఫలితాలు చూసి తానే ఆశ్చర్యపోయానని రాపపోర్ట్ విలేకరులతో చెప్పారు.

గంటలో కొత్త కణాలు పుట్టవు

మరి ఆ లింఫోసైట్లు ఎక్కణ్నుంచి వచ్చినట్టు? మన ఒంట్లోని లింఫోసైట్లలో ఏ సమయంలోనైనా రక్తంలో తిరిగేవి నూటికి రెండు మాత్రమే. మిగతావన్నీ లింఫు గ్రంథుల్లో, ప్లీహంలో, ఎముక మూలుగలో, పేగు గోడల్లో ఉంటాయి. కాబట్టి గంట లోపల రక్తంలో లెక్క పెరిగిందంటే కొత్తవి పుట్టాయని కాదు, ఉన్నవే చోటు మారాయని అర్థం. ‘ఒక్క మసాజ్‌తో ఇమ్యూనిటీ పెరుగుతుంది’ అనే ప్రకటన కనబడితే ఈ లెక్క గుర్తుంచుకోండి. రక్తంలో అంకె మారడం ఒకటి, జలుబు రాకుండా ఆగడం మరొకటి.

వారానికి ఒకసారి వేరు, రెండుసార్లు వేరు

ఒకసారి చేస్తే మంచిదైతే రెండుసార్లు చేస్తే రెట్టింపు మంచిది కావాలి కదా? రాపపోర్ట్ బృందమే 2012లో దీన్నీ పరీక్షించింది. ఐదు వారాల పాటు కొందరికి వారానికి ఒకసారి, మరికొందరికి రెండుసార్లు మసాజ్ చేశారు. వారానికోసారి చేయించుకున్నవాళ్లలో మార్పు ఎక్కువగా రోగనిరోధక కణాల వైపు కనిపించింది. రెండుసార్లు చేయించుకున్నవాళ్లలో ఆక్సిటోసిన్ పెరిగి, వాసోప్రెసిన్, కార్టిసాల్ తగ్గాయి. అంటే హార్మోన్లు కదిలాయి. రోగనిరోధక కణాల లెక్కలో మాత్రం పెద్ద మార్పు లేదు. పైగా వాపును పెంచే రసాయనాలు కొన్ని కాస్త పెరిగాయి. చిన్న ప్రయోగమే కానీ, ‘ఎంత ఎక్కువైతే అంత మేలు’ అన్న నమ్మకాన్ని బాగానే కదిలించింది.

తేలిగ్గా తాకినా వృథా పోదు

2010 ప్రయోగంలో తేలిక స్పర్శ జట్టును పోల్చి చూసుకోవడానికే పెట్టుకున్నారు. తీరా చూస్తే ఆక్సిటోసిన్ ఎక్కువగా పెరిగింది వాళ్లలోనే. దీనికి ఆధారం చర్మంలోనే ఉంది. వెంట్రుకలున్న చర్మంలో సి-టాక్టైల్ అనే సన్నని నరాలు ఉంటాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరితేనే అవి బాగా స్పందిస్తాయని స్వీడన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. పసిబిడ్డ వీపు నిమిరేటప్పుడు తల్లి చెయ్యి కదిలేది దాదాపు ఆ వేగంతోనే. ఆమెకు ఆ కొలత ఎవరూ నేర్పలేదు!

పదిహేను నిమిషాలు, రోజుకు మూడుసార్లు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను ముట్టుకుంటే ఇన్‌ఫెక్షన్ సోకుతుందని ఒకప్పుడు ఆస్పత్రులు చాలా దూరంగా ఉంచేవి. 1986లో అమెరికాలో టిఫనీ ఫీల్డ్ బృందం అలాంటి 40 మంది పసికందుల మీద ప్రయోగం చేసింది. సగం మందికి పది రోజుల పాటు రోజుకు మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున ఒళ్లు నిమిరి, కాళ్లూ చేతులూ ఆడించారు. అందరూ తాగిన పాలు ఒకటే. అయినా మర్దన పొందిన పిల్లల బరువు 47 శాతం ఎక్కువగా పెరిగింది, సగటున ఆరు రోజుల ముందే ఇంటికి వెళ్లారు. ఫీల్డ్ 1992లో మయామీ విశ్వవిద్యాలయంలో స్పర్శ పరిశోధన కోసమే ఓ సంస్థ స్థాపించారు.

తర్వాత డెట్రాయిట్‌లో 120 మంది నెలతక్కువ పిల్లల మీద జరిగిన అధ్యయనం నేరుగా రోగనిరోధక శక్తినే చూసింది. వైరస్ సోకిన కణాలను చంపే నేచురల్ కిల్లర్ కణాల పనితనం, వరసగా కనీసం ఐదు రోజులు మర్దన పొందిన పిల్లల్లో మెరుగ్గా ఉంది. ఆ కణాల సంఖ్య మాత్రం పెరగలేదు.

పక్షి ఈకలా వద్దు, పిండి పిసికినట్టూ వద్దు

ఫీల్డ్ బృందానికి తేలిన ఇంకో సంగతి: మరీ తేలిగ్గా రాస్తే పిల్లలు చక్కిలిగింత పెట్టినట్టు విసుగుపడతారు. చర్మం కాస్త లోపలికి నొక్కుకునేంత ఒత్తిడి ఉంటేనే వేగస్ నాడి చురుకవుతుంది. మెదడు నుంచి గుండెకీ పొట్టకీ వెళ్లే ఈ నాడి కదిలితే గుండె వేగం నెమ్మదిస్తుంది, జీర్ణానికి పనికొచ్చే హార్మోన్లు ఊరతాయి. పిల్లలు పాలు ఎక్కువ తాగకపోయినా బరువు పెరగడానికి కారణం ఇదేనని ఆ బృందం అంచనా.

అమ్మమ్మ కాళ్ల మీద

మన ఇళ్లలో బిడ్డకు నీళ్లు పోయడం ఓ పెద్ద తంతు. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, చీర మోకాళ్ల పైకి ఎగదోపి, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుంటుంది అమ్మమ్మ. గోరువెచ్చని నూనె అరచేతిలో పోసుకుని వీపు నుంచి పిరుదుల దాకా, తొడల నుంచి పాదాల దాకా జారవిడుస్తుంది. ఆ తర్వాత సున్నిపిండి, నీళ్లు, మెత్తటి పాత చీర ముక్కతో తుడవడం. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డలకు ఒళ్లంతా మృదువుగా మర్దన చేయడాన్ని పరిశీలించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022 సూచనల్లో చేర్చింది. మొదటి స్నానం మాత్రం పుట్టిన 24 గంటల తర్వాతే.

ఇందులో మానేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ముక్కులో నూనె చుక్కలు వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా తేవచ్చు. అప్పుడే పుట్టిన బిడ్డ రొమ్ములు కాస్త ఉబ్బి ఉంటే ‘పాలు పిండటం’ మరీ ప్రమాదం. ఆ ఉబ్బు తల్లి హార్మోన్ల వల్ల వచ్చింది, దానంతటదే పోతుంది. పిండితే అక్కడ చీము పట్టొచ్చు. రోగాలు రాకూడదని చేసే పనే రోగం తెచ్చిపెడుతుందన్నమాట. స్నానం తర్వాత వేసే సాంబ్రాణి పొగ కూడా ఆ చిన్ని ఊపిరితిత్తులకు పడదు.

ఢాకాలో ప్రాణం పోసిన వంటనూనె

బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలోని శిశు ఆస్పత్రిలో, 33 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డలకు పొద్దుతిరుగుడు నూనె రాసి చూశారు. మొదటి రెండు వారాలు రోజుకు మూడుసార్లు, తర్వాత రెండుసార్లు. నూనె రాయని పిల్లలతో పోలిస్తే వీళ్లకు ఆస్పత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. మరణాలూ 26 శాతం తగ్గాయని 2008లో తేలింది. కారణం సులువే. నెలతక్కువ బిడ్డ చర్మం పల్చటి కాగితంలా ఉంటుంది, క్రిములు దాని గుండానే రక్తంలోకి చొరబడతాయి. పొద్దుతిరుగుడు నూనెలో దండిగా ఉండే లినోలియిక్ ఆమ్లం ఆ చర్మాన్ని గట్టిపరుస్తుంది.

తర్వాత ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఇదే నూనెతో భారీ ప్రయోగం జరిగింది. అందరు శిశువులనూ కలిపి చూస్తే మరణాలు తగ్గలేదు. కిలోన్నర, అంతకన్నా తక్కువ బరువున్న బిడ్డల్లో మాత్రం దాదాపు సగానికి పడిపోయాయి. నూనె ఎవరికి పనిచేస్తుందో ఆ బరువు తూచే యంత్రమే చెప్పింది!

అన్ని నూనెలూ ఒకటి కావు

ఉత్తరాదిన పసిపిల్లలకు ఆవనూనె పట్టించడం ఆచారం. ఎలుకల చర్మం మీద పరీక్షించినప్పుడు దెబ్బతిన్న చర్మం పొద్దుతిరుగుడు నూనెతో త్వరగా కోలుకుంది. ఆవనూనె, ఆలివ్ నూనె, సోయా నూనెలతో ఆలస్యమైంది. పెద్దల మీద జరిగిన పరీక్షలోనూ ఆలివ్ నూనె చర్మం పైపొరను బలహీనపరిచింది. ఖరీదైన విదేశీ సీసా కదా అని బిడ్డకు పూసేముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

వైద్య విద్యార్థికి దొరికిన కాపలాదారు

1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ల వైద్య విద్యార్థి చర్మం ముక్కకు బంగారు లవణం పట్టించి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. కొమ్మలు చాచిన చెట్లలాంటి కణాలు కనిపించాయి. అవి నరాలకు సంబంధించినవి అనుకున్నాడు. వందేళ్లు దాటాక, 1970లలో తేలింది, అవి రోగనిరోధక కణాలని. చర్మంలోకి చొరబడ్డ క్రిమి ముక్కను పట్టుకుని లింఫు గ్రంథికి మోసుకెళ్లి చూపించడం వాటి పని. మనం నూనె రాసేది ఈ కణాలు కాపు కాసే పొర మీదే. పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులను మరుసటి ఏడే గుర్తించిందీ ఈ కుర్రాడే.

బిళ్ళ కట్టిందంటే...

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే రెండో రోజుకి గజ్జల్లో బిళ్ళ కడుతుంది. అది కొత్తగా పుట్టిన గడ్డ కాదు, ఎప్పుడూ ఉండే లింఫు గ్రంథే. కాలి నుంచి వచ్చిన క్రిములతో పోరాడుతూ ఉబ్బింది. ఇలాంటి గ్రంథులు మన ఒంట్లో ఐదారు వందలు. వాటి గుండా రోజుకు రెండు నుంచి నాలుగు లీటర్ల లింఫు ప్రవహించి, చాలావరకు ఎడమ కాలర్ ఎముక కింద సిరలో కలుస్తుంది. దీనికి గుండె లాంటి పంపు లేదంటారు కానీ అది సగం నిజమే. లింఫు నాళాలే ముడుచుకుంటూ విచ్చుకుంటూ దాన్ని తోస్తాయి. నడక, దీర్ఘశ్వాస, మర్దన వాటికి తోడు. అన్నట్టు, కట్టిన బిళ్ళను రుద్ది కరిగించాలని చూడకండి. చూడాల్సింది కాలి పుండు సంగతి.

తీరని జలుబు నుంచి పుట్టిన పద్ధతి

డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్ 1930ల మొదట్లో ఫ్రాన్స్‌లోని కాన్ పట్టణంలో మసాజ్ చేసేవారు. చలికీ తేమకీ జలుబు పట్టి వదలని ఇంగ్లీషువాళ్లు వాళ్ల దగ్గరికి వచ్చేవారు. అందరి మెడలోనూ గ్రంథులు వాచి ఉండేవి. లింఫు గ్రంథుల జోలికి పోకూడదన్నది అప్పటి వైద్యుల నియమం. వోడర్ దంపతులు చర్మాన్ని మాత్రమే కదిలించే అతి తేలిక కదలికలతో పద్ధతి ఒకటి రూపొందించి 1936లో పారిస్‌లో ప్రదర్శించారు. నేడు రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత చెయ్యి వాచినవాళ్లకు ప్రపంచమంతటా చేసే లింఫు మర్దనకు అదే మూలం. గట్టిగా ఒత్తితే ఇక్కడ మేలు కాదు, కీడే.

బోదకాలు, వేళ్ల సందులు

గోదావరి జిల్లాల నుంచి నల్గొండ దాకా మనకు బాగా తెలిసిన జబ్బు బోదకాలు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే పురుగులు లింఫు నాళాల్లో చేరి వాటిని పాడుచేస్తాయి. కాలు వాచిపోతుంది. రోగిని మాటిమాటికీ మంచాన పడేసేది మాత్రం ఆ పురుగు కాదు, బ్యాక్టీరియా. తడికి చెడి చర్మం లేచిన వేళ్ల సందుల్లోంచి అది లోపలికి పోతుంది. చలిజ్వరం, ఎర్రగా కాలిపోయే కాలు, గజ్జల్లో బిళ్ళలు. లింఫు కదలక నిలిచిపోయిన చోట రోగనిరోధక కణాలు సమయానికి చేరలేవు.

కేరళలోని కాసరగోడ్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ అనే సంస్థ దీనికో సమగ్ర చికిత్స రూపొందించింది. సబ్బుతో కడగడం, వేళ్ల సందులు పొడిగా తుడవడం, ఆయుర్వేద లేపనాలు, యోగాసనాలు, లింఫు మర్దన, ఆపైన గట్టిగా కట్టు. ఇందులో మర్దన ఒక్కటే చేసి మిగతావి వదిలేస్తే కాలు మళ్లీ మామూలే. జ్వరం వచ్చి కాలు ఎర్రబడ్డ రోజుల్లో అసలు మర్దన చేయరు.

‘విషాలు పోతాయి’... ఏ విషాలు?

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 11 మంది కుర్రాళ్ల చేత అలసి సొలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక్క కాలికి మాత్రమే పది నిమిషాలు మసాజ్ చేశారు. తర్వాత రెండు తొడల నుంచీ చిటికెడు కండ తీసి పోల్చారు. మసాజ్ చేసిన కాలిలో వాపు సంకేతాలు తగ్గాయి, కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాను పెంచే సంకేతాలు ఎక్కువయ్యాయి. లాక్టిక్ ఆమ్లం మాత్రం రెండు కాళ్లలోనూ ఒకటే! మసాజ్‌తో లాక్టిక్ ఆమ్లం కొట్టుకుపోతుందన్న మాట ఆ 2012 ప్రయోగంతో వీగిపోయింది.

మరయంత్రపు మాలిష్

హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2021లో, కాలి కండ బాగా దెబ్బతిన్న ఎలుకలకు మెత్తటి సిలికోన్ కొన ఉన్న యంత్రంతో రోజూ మర్దన చేయించారు. గాయం కాగానే అక్కడికి పరిగెత్తుకొచ్చే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు మర్దన చేసిన కండ నుంచి త్వరగా ఖాళీ అయ్యాయి, కండ గట్టిగా అతుక్కుంది. మొదట్లో వాటితో పని ఉంటుంది, పని అయ్యాక అక్కడే తిష్ట వేస్తే కొత్త కండ పెరగనివ్వవు. రోగనిరోధక శక్తి ‘పెరగడం’ ఒక్కటే మేలు కాదు, సమయానికి తగ్గడం కూడా మేలే.

కార్టిసాల్ కథ అంత తేలిక కాదు

మసాజ్ చేస్తే ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గుతుంది, అందుకే రోగనిరోధక శక్తి పెరుగుతుందని చాలా చోట్ల చదువుతాం. క్రిస్టఫర్ మోయర్ బృందం 2011లో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి లెక్క కడితే ఆ తగ్గుదల చాలా స్వల్పమని, చాలా సందర్భాల్లో లేనట్టేనని తేలింది. ఆందోళన, దిగులు తగ్గడం మాత్రం నిజమే. దిగులుకీ జబ్బుకీ ఉన్న సంబంధానికి వేరే రుజువులున్నాయి. మతిమరుపు జబ్బున్న బంధువులకు సేవ చేస్తున్న ఆడవాళ్లకు చిన్న గాయం మానడానికి ఇతరుల కన్నా తొమ్మిది రోజులు ఎక్కువ పట్టిందని 1995లో ఒహాయోలో తేల్చారు.

కౌగిలింతకూ జలుబుకూ లంకె

పిట్స్‌బర్గ్‌లో షెల్డన్ కోహెన్ బృందం 404 మందిని రెండు వారాలు రోజూ ఫోనులో పలకరించి, ఆ రోజు ఎవరితో గొడవపడ్డారో, ఎవరు కౌగిలించుకున్నారో అడిగింది. తర్వాత వాళ్ల ముక్కులో జలుబు వైరస్ వేసి హోటల్లో విడిగా ఉంచింది. నలుగురి అండ ఉన్నవాళ్లను గొడవల ఒత్తిడి అంతగా దెబ్బతీయలేదు. ఆ రక్షణలో మూడో వంతు కౌగిలింతల వల్లేనని 2015లో లెక్క తేలింది.

రాజుగారి పాదాలకు ప్రత్యేక భాగం

రథచక్రపు ఇరుసుకు నూనె రాస్తే ఎలా అరిగిపోదో, ఒంటికి నూనె రాస్తే అలా గట్టిపడుతుందని చరకుడు పోల్చాడు. రోజూ అభ్యంగనం చేయమన్న వాగ్భటుడు, అజీర్ణంతో ఉన్నవాళ్లు, కఫం ముదిరినవాళ్లు చేయకూడదనీ షరతు పెట్టాడు. కాకతీయులు సామంతులుగా కొలిచిన కళ్యాణి చాళుక్య వంశంలో మూడో సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో రాసిన ‘మానసోల్లాసం’లో రాజభోగాలు ఇరవై. స్నానం ఒకటైతే, పాదాలకు నూనె మర్దన విడిగా ఇంకొకటి!

వీళ్లకు వద్దు

జ్వరం ఉన్నప్పుడు, చర్మం మీద చీము పుండ్లు ఉన్నప్పుడు మర్దన వద్దు. ఒక పిక్క మాత్రమే హఠాత్తుగా వాచి నొప్పి పెడుతుంటే అస్సలు వద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లో ఇరుక్కోవచ్చు. క్యాన్సర్ రోగులు డాక్టరును అడిగాకే, గడ్డ ఉన్న చోటు వదిలేసి చేయించుకోవాలి.

టీకా వేసిన చోట చెయ్యి పెట్టొద్దు

మర్దన ఎంత బాగా చేసినా ఏ క్రిమితో ఎలా పోరాడాలో ఒంటికి నేర్పలేదు. ఆ పని టీకాది. అందుకే 6, 10, 14 వారాలకు తొడకు సూది వేయించుకొచ్చిన రోజున ఆ చోట నూనె రాయకండి, నొక్కకండి. పుట్టగానే ఎడమ భుజానికి వేసే బీసీజీ మరీ చిత్రమైంది. కొన్ని వారాలకు అక్కడ చిన్న పొక్కు లేచి, చితికి, మచ్చ పడుతుంది. పొక్కు చూసి కంగారుపడి పసుపో ఆముదమో పట్టించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అది పుండు కాదు, బిడ్డ రోగనిరోధక కణాలు పాఠం నేర్చుకుంటున్న గుర్తు. నీళ్లు పోసేటప్పుడు అమ్మమ్మకు ఆ ఒక్క చోటూ చూపించి, మిగతా ఒళ్లంతా ఆమెకే వదిలేయండి.